లూపులోంచి బయటికి వచ్చే దారి

బెంజి సర్కిల్ నుంచి బందరు రోడ్డు పట్టుకుని పటమట దాటి కానూరు, పోరంకి వైపు సాగే దారి ఇంజనీరింగ్ చదువుల దారి. కానూరులో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాల 1977లో మొదలైంది. ఆ తర్వాతి దశాబ్దాల్లో చుట్టుపక్కల మరిన్ని కాలేజీలు, వాటి వెంట హాస్టళ్లు, కంప్యూటర్ కోచింగ్ సెంటర్లు వచ్చాయి. ఇక్కడ చదివే పిల్లల్లో చాలామంది జీవితంలో మొదటి ప్రోగ్రామును మొదటి ఏడాది సీ ల్యాబులోనే రాస్తారు. లీపు సంవత్సరం, ప్రైమ్ నంబరు, ఫిబొనాచీ వరుస, నక్షత్రాల పిరమిడ్. అబ్జర్వేషన్ పుస్తకంలో రాసి, రికార్డులోకి ఎక్కించి, ఎక్స్‌టర్నల్ ముందు వైవాలో అప్పజెప్పే ఈ ప్రోగ్రాములన్నీ మూడే పనుల మీద నిలబడతాయి: ఒక విలువను దాచుకోవడం, షరతును బట్టి దారి ఎంచుకోవడం, ఒక పనిని మళ్లీ మళ్లీ చేయడం.

సిలబస్‌లో ఇది కొద్ది వారాల్లో ముగిసే పాఠం. కానీ ఇందులో దాగిన ఒక ప్రశ్న మీద పేరుమోసిన కంప్యూటర్ శాస్త్రవేత్తలు దశాబ్దాలపాటు వాదించుకున్నారు. మొదలుపెట్టిన ఆవృత్తిలోంచి బయటికి ఎలా రావాలి? ఆ వాదంలో ఒక గట్టి ముడిని విప్పినవారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివిన తెలుగువారే. ఆ చర్చనంతా ఒకచోట పెట్టి చూడటం ఈ వ్యాసం పని. నా అభిప్రాయం ముందే చెబుతాను. లూపులోకి ఎలా దిగాలో మన ల్యాబులు బాగానే నేర్పుతున్నాయి. ఎన్ని కారణాలతో బయటికి వస్తామో, వచ్చాక ఏది నిజమో చెప్పడం మాత్రం నేర్పడం లేదు. ప్రోగ్రామింగ్ రాదని పిల్లలు భయపడేది ఎక్కువగా ఇక్కడే.

విలువ పెట్టడం

మొదటి వాక్యం కేటాయింపు. ఎక్స్ = ఎక్స్ + 1 అన్న పంక్తి బడి లెక్కల్లో అసాధ్యం, ప్రోగ్రాములో నిత్యకృత్యం. కుడివైపు ఉన్నది ఇప్పటి విలువ, ఎడమవైపు పడేది ఇకమీదటి విలువ. ఈ ఒక్క పంక్తితో కాలం ప్రోగ్రాములోకి వస్తుంది. 'ఎక్స్ ఎంత?' అని అడిగితే సరిపోదు, 'ఏ పంక్తి దగ్గర ఎంత?' అని అడగాలి. 1960 నాటి ఆల్గాల్ భాష ఈ తేడా కనబడాలని కేటాయింపుకు సమాన గుర్తు ముందు ద్విబిందువు చేర్చింది. 1970ల తొలినాళ్లలో డెన్నిస్ రిచీ రూపొందించిన సీ ఒంటి సమాన గుర్తును కేటాయింపుకూ, జంట గుర్తును పోలికకూ వాడింది. ఇఫ్ షరతులో రెండు గుర్తుల చోట ఒకటి పడితే సీ కంపైలర్ దాన్ని తప్పుగా తోసిపుచ్చదు. అందుకే ఆ పొరపాటు నేటికీ ప్రతి ల్యాబులోనూ కనబడుతుంది.

షరతుల వరుస

ఇఫ్, ఎల్స్ వాక్యాల్లో విద్యార్థిని దెబ్బతీసేది రాసే తీరు కంటే షరతుల వరుస. మన కళ్లెదుటి ఉదాహరణే తీసుకుందాం. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం సుమారు 4 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, సుమారు 5.7 లక్షలకు చేరితే రెండోది జారీ చేస్తారు. ఒక విద్యార్థి దీన్ని ప్రోగ్రాముగా ఇలా రాశాడనుకుందాం: ప్రవాహం 4 లక్షలు దాటితే మొదటి హెచ్చరిక చూపించు, లేకపోతే, 5.7 లక్షలు దాటితే రెండో హెచ్చరిక చూపించు.

చదవడానికి బాగానే ఉంటుంది. కంపైల్ అవుతుంది. నాలుగున్నర లక్షలు ఇచ్చి చూస్తే సరైన జవాబే వస్తుంది. 2024 సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ సంఖ్యను ఇస్తే ఈ ప్రోగ్రాము మొదటి హెచ్చరిక చూపించి ఊరుకుంటుంది. మొదటి షరతు నిజమైపోయింది కాబట్టి రెండోదాని దాకా ఎప్పటికీ రాదు. పెద్ద గీటు ముందు, చిన్న గీటు తర్వాత రాయాలి. షరతుల గొలుసులో నిజమైన మొదటి షరతు దగ్గరే బయటికి వచ్చేస్తామన్న ఎరుక ఉంటే ఈ తప్పు జరగదు.

ఇంకో మెట్టు ఎక్కుదాం. వరద తగ్గి ప్రవాహం 5 లక్షలకు దిగితే రెండో హెచ్చరికను ఉపసంహరించాలి. ఇప్పుడు చూపించవలసిన సందేశం ఈ క్షణపు ప్రవాహాన్ని బట్టి మాత్రమే తేలదు. ఇంతకుముందు ఏ హెచ్చరిక అమల్లో ఉందో గుర్తుండాలి. ఇఫ్‌కు తోడుగా ఒక విలువను దాచుకోవలసి వచ్చింది. మూడు మూల వాక్యాలు ఒకదానికొకటి ఎందుకు అవసరమో ఇక్కడ తెలుస్తుంది.

ఇఫ్, ఎల్స్ అన్న ఈ జంటను ప్రోగ్రామింగ్ భాషల్లో స్థిరపరచినవారిలో ముఖ్యుడు జాన్ మెకార్తీ. 1950ల చివర ఆయన లిస్ప్ భాషలో షరతుతో విలువను ఎంచుకునే పద్ధతి తెచ్చి, ఆల్గాల్ రూపకర్తల ముందు కూడా పెట్టాడు. స్టాన్‌ఫోర్డ్‌లో ఆయన దగ్గర పరిశోధన చేసి 1966లో డాక్టరేట్ పొందినవారు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న మన రాజ్ రెడ్డే.

గోటూ మీద యుద్ధం

తొలి యంత్రాల్లో దారి మార్చడమే కష్టం. 1944లో హార్వర్డ్‌లో మొదలైన మార్క్-1 యంత్రం చిల్లుల టేపులోని ఆదేశాలను వరసగా చదివేది. షరతును బట్టి దూకడం మొదట్లో దానికి రాదు. పని మళ్లీ చేయించాలంటే టేపు రెండు కొసలనూ అతికించి నిజంగానే ఉంగరంగా చేసేవారు. 1957లో ఐబీఎంలో జాన్ బాకస్ బృందం ఇచ్చిన ఫోర్ట్రాన్‌లో లూపు ఉంది, షరతు ఉంది, వాటికంటే ఎక్కువగా గోటూ ఉంది. ఫలానా నంబరు పంక్తికి దూకు అనే ఆదేశం అది. ప్రోగ్రాములు పెరిగేకొద్దీ దూకుళ్లు పెరిగాయి. ఏ పంక్తికి ఎక్కడినుంచి వచ్చామో రాసినవాళ్లకే అంతుచిక్కేది కాదు.

1966లో ఇటలీకి చెందిన కొరాడో బోమ్, జుసెప్పె జకోపీని ఒక సిద్ధాంతం ప్రచురించారు. వరస, ఎంపిక, ఆవృత్తి అనే మూడు రూపాలతో ఏ ఫ్లోచార్టునైనా రాయవచ్చునని దాని సారం. ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1968 మార్చిలో గోటూ హానికరమంటూ లేఖ రాశాడు. ఆయన బాధంతా ఒక దూరం గురించి. కాగితం మీద ప్రోగ్రాము నిలకడగా ఉంటుంది, యంత్రంలో అది కాలంతోపాటు కదులుతుంది. మనిషి బుద్ధి నిలిచిన వస్తువును పట్టుకున్నంత బాగా కదిలేదాన్ని పట్టుకోలేదు. కాబట్టి పాఠానికీ నడకకూ మధ్య దూరం వీలైనంత తగ్గాలి; గోటూ ఆ దూరాన్ని పెంచుతుంది. 1974లో డొనాల్డ్ క్నూత్ సుదీర్ఘ వ్యాసంతో సమాధానమిచ్చాడు. గోటూను గుడ్డిగా తీసేస్తే కొన్ని చోట్ల ప్రోగ్రాము మరింత గజిబిజి అవుతుందని, వాటిలో చాలావరకు లూపు మధ్యలోంచి బయటపడే సందర్భాలేనని ఉదాహరణలతో చూపాడు.

ఇక్కడ పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఒక మాట దాటేస్తాయి. మూడు రూపాలు చాలునన్న సిద్ధాంతానికి ఒక ఖర్చు ఉంది. ఎటు వెళ్లాలన్న సంగతిని కొత్త చరరాశుల్లో దాచుకోవడం ద్వారా ఆ నిరూపణ సాధ్యమైంది. దూకుడు పోలేదు, చరరాశి వేషం వేసుకుంది. అదనపు చరరాశి లేకుండా అన్ని ప్రోగ్రాములనూ అలా మార్చలేమని క్నూత్, రాబర్ట్ ఫ్లాయిడ్ 1971లోనే చూపారు. మరి వేటిని మార్చగలం, వేటిని మార్చలేం?

కోసరాజు తేల్చినది

దీనికి జవాబు చెప్పినవారు సాంబశివరావు కోసరాజు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బీఈ, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు. గ్రాఫుల్లో గట్టిగా పెనవేసుకున్న భాగాలను కనుక్కునే పద్ధతి ఆయన పేరుతోనే ప్రసిద్ధం కనుక, డేటా స్ట్రక్చర్స్ చదివిన ప్రతి విద్యార్థికీ ఆ పేరు తెలుసు. స్ట్రక్చర్డ్ ప్రోగ్రాముల విశ్లేషణపై 1974లో ఆయన ప్రచురించిన పత్రం గురించి మాత్రం మన తరగతుల్లో వినబడదు.

అందులో రెండు ఫలితాలు మనకు ముఖ్యం. మొదటిది: అవే పనులు, అవే షరతులు ఉంచి, కొత్త చరరాశి చేర్చకుండా ఒక ఫ్లోచార్టును మూడు రూపాల్లోకి మార్చగలమా లేదా అన్నది ఒకే విషయం మీద ఆధారపడుతుంది. అందులో రెండు వేర్వేరు బయటి దారులున్న లూపు ఉండకూడదు. ఉంటే మార్చలేం. రెండోది: ఒకదానిలో ఒకటి ఇమిడిన లూపుల్లోంచి ఒకేసారి పలు మెట్లు దాటి బయటపడే సౌకర్యం ఇస్తే కొత్త చరరాశి అవసరం తీరిపోతుంది. అయితే ఆ మెట్ల సంఖ్యకు హద్దు పెడితే శక్తి తగ్గుతుంది. ఎక్కువ మెట్లు దూకే ప్రోగ్రాముల్లో కొన్నిటిని, కొత్త చరరాశి లేకుండా, తక్కువ మెట్లతో రాయడం అసాధ్యం.

దీన్ని ల్యాబు స్థాయికి దించుదాం. జవాబుపత్రాల కట్టలో ఒక హాల్‌టికెట్ నంబరు వెతకాలి. కట్టలో పత్రం మిగిలి ఉందా? లేకపోతే 'దొరకలేదు' అని బయటికి. ఉంటే ఒకటి తీసి చూడు. నంబరు అదేనా? అయితే 'దొరికింది' అని బయటికి. కాకపోతే మళ్లీ మొదటికి. దారులు రెండు, మధ్యలో పత్రం తీసే పని ఒకటి. లూపు మధ్యలోంచి బయటపడేసే బ్రేక్ వాక్యం వాడకుండా రాయమంటే ఏం చేస్తాం? లూపు ముగిశాక 'కట్టలో పత్రం మిగిలిందా?' అని మళ్లీ అడిగితే కుదరదు, వెతికేది చిట్టచివరి పత్రంలోనే దొరికి ఉండొచ్చు. కాబట్టి ఒక చరరాశిలో 0 పెట్టుకుని, దొరికితే 1 చేస్తాం. మన ల్యాబు రికార్డుల్లో పేజీపేజీకీ కనబడే 'ఫ్లాగ్' ఇదే. అది ఎక్కడ ఎందుకు తప్పనిసరో పిల్లలకు ఎవరూ చెప్పరు. రెండు దారుల లూపును ఒకే దారి ఉన్నట్టు రాయమన్నప్పుడు చెల్లించే మూల్యం అది.

బయటి దారి తప్పినప్పుడు

లూపులోంచి, షరతులోంచి బయటపడే చోట జరిగిన తప్పులు పరిశ్రమలో ఎంత ఖరీదయ్యాయో మూడు సంఘటనలు చెబుతాయి.

1990 జనవరి 15న అమెరికాలో ఏటీ అండ్ టీ సంస్థ దూరవాణి వ్యవస్థ దాదాపు 9 గంటలు అస్తవ్యస్తమైంది. 114 స్విచింగ్ కేంద్రాల్లో వేసిన కొత్త సాఫ్ట్‌వేర్‌లో, సీ భాషలో రాసిన ఒకచోట, బ్రేక్ వాక్యం అనుకున్న చోటికి కాక వేరే చోటికి బయటపడింది. సీలో బ్రేక్ ఇఫ్‌ను దాటించదు, దాని చుట్టూ ఉన్న స్విచ్ వాక్యాన్నో లూపునో దాటిస్తుంది. ఒక కేంద్రం కోలుకుంటూ పంపిన సందేశం పక్క కేంద్రాన్ని పడగొట్టింది.

2008 డిసెంబరు 31న మైక్రోసాఫ్ట్ వారి 30 జీబీ జూన్ మ్యూజిక్ ప్లేయర్లు ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. రోజుల లెక్కనుంచి సంవత్సరాన్ని తేల్చే లూపులో తప్పుంది. రోజులు 365 కంటే ఎక్కువ ఉన్నంతసేపు లూపు తిరగాలి. లీపు సంవత్సరమైతే, రోజులు 366 కంటే ఎక్కువ ఉన్నప్పుడే 366 తీసేయాలి. లీపు సంవత్సరపు ఆఖరి రోజున మిగిలేది సరిగ్గా 366. లూపు షరతు నిజం, లోపలి షరతు అబద్ధం. ఏదీ తగ్గదు, ఎప్పటికీ ఆగదు. మన పిల్లలు మొదటి వారంలో రాసే లీపు సంవత్సరం ప్రోగ్రాముకు ఇది దగ్గరి చుట్టమే.

2014 ఫిబ్రవరిలో యాపిల్ తన ఫోన్లకు అత్యవసర సవరణ పంపింది. సురక్షిత అనుసంధానాన్ని పరిశీలించే కోడ్‌లో ఒక గోటూ పంక్తి రెండుసార్లు పడింది. కర్లీ బ్రాకెట్లు లేకపోవడంతో మొదటి గోటూ మాత్రమే ఇఫ్ కిందికి వచ్చింది, రెండోది షరతు లేకుండా నడిచింది. ఆ కింద ఉన్న అసలు తనిఖీ ఎన్నడూ జరగలేదు. ఇండెంటేషన్ చూసిన కంటికి అంతా సవ్యంగానే కనిపించింది.

హద్దు దగ్గర ఒకటి తేడా రావడం వీటన్నిటికంటే సాధారణం. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు. మనం 1 నుంచి 70 అని లెక్కపెడతాం, సీ శ్రేణి 0 నుంచి 69 అని లెక్కపెడుతుంది. లూపు షరతులో 'చిన్నది' అనవలసిన చోట 'చిన్నది లేదా సమానం' అని రాస్తే ప్రోగ్రాము లేని గేటు వివరం చదువుతుంది. ఆ తప్పును మనకు చెప్పే బాధ్యత సీ తీసుకోదు.

భాషలు ఎటు మొగ్గాయి

ఈ వాదం తర్వాత వచ్చిన భాషలను చూస్తే తీర్పు ఎటు వాలిందో తెలుస్తుంది. సీ గోటూను ఉంచింది. బ్రేక్ ఒకే మెట్టు దాటుతుంది కాబట్టి లోతైన లూపుల్లోంచి బయటపడటానికి గోటూ పనికొస్తుందని 1978 నాటి కెర్నిఘన్, రిచీల పుస్తకమే ఒప్పుకుంది. జావా గోటూను వదిలేసి పేరుపెట్టిన లూపును దాటే బ్రేక్‌ను ఇచ్చింది. కోసరాజు చెప్పిన పలు మెట్ల నిష్క్రమణ అదే. గో, రస్ట్ భాషలు కూడా అలాంటి బ్రేక్‌ను ఇచ్చాయి. పైథాన్‌లో అలాంటి సౌకర్యం కావాలన్న ప్రతిపాదనను 2007లో దాని సృష్టికర్త గైడో వాన్ రోసమ్ తిరస్కరించాడు. అయితే పైథాన్ లూపుకు ఎల్స్ భాగం ఉంది. బ్రేక్ తగలకుండా లూపు ముగిస్తేనే అది నడుస్తుంది. మన జవాబుపత్రాల కట్ట సమస్య ఫ్లాగ్ లేకుండా తీరిపోతుంది.

కార్లలో వాడే సాఫ్ట్‌వేర్ కోసం బ్రిటన్‌లో పుట్టిన మిస్రా నియమాలు కూడా కదిలాయి. 1998లో స్విచ్‌లో తప్ప బ్రేక్ వద్దన్నాయి, 2004లో ఒక లూపుకు ఒక బ్రేక్‌ను అనుమతించాయి. భద్రతే పరమావధిగా ఉన్నచోట కూడా సంపూర్ణ నిషేధం నిలవలేదు.

ఆగుతుందని ఎలా తెలుసు?

బయటి దారి రాసి ఉన్నంత మాత్రాన అక్కడిదాకా చేరతామన్న హామీ లేదు. ఏ ప్రోగ్రామైనా ఆగుతుందో లేదో తేల్చే సార్వత్రిక పద్ధతి ఉండదని అలన్ ట్యూరింగ్ 1936 నాటి పని నుంచే తేలింది. దీన్ని అనుభవించడానికి ఒక చిన్న ప్రోగ్రాము చాలు. సంఖ్య 1 కానంతసేపు: సరిసంఖ్య అయితే సగం చెయ్యి, బేసిసంఖ్య అయితే మూడింతలు చేసి 1 కలుపు. 27తో మొదలుపెడితే 111 అడుగుల తర్వాత 1కి చేరుతుంది. 1937లో లోథర్ కొలాట్జ్ లేవనెత్తిన ఈ ప్రశ్నను కంప్యూటర్లతో బ్రహ్మాండమైన సంఖ్యల దాకా పరీక్షించారు. ప్రతి సంఖ్యకూ ఆగుతుందని ఇప్పటికీ ఎవరూ నిరూపించలేదు. కేటాయింపు, ఇఫ్, వైల్. మొదటి ఏడాది విద్యార్థి పది నిమిషాల్లో రాయగలది.

మనం రోజూ రాసే లూపులకు మాత్రం ఫ్లాయిడ్ 1967లో దారి చూపాడు. ప్రతి చుట్టుకూ తప్పక తగ్గే, సున్నా కిందికి పోని ఒక పూర్ణాంకాన్ని చూపించగలిగితే లూపు ఆగి తీరుతుంది. గసాభా లెక్కలో శేషం అలాంటిది. జూన్ లూపు రాసినవాళ్లు ఈ ఒక్క ప్రశ్న వేసుకున్నా 366 దగ్గర ఏదీ తగ్గడం లేదని కనిపించేది.

పిల్లలు ఎక్కడ తడబడతారు

బోధన మీద జరిగిన పరిశోధన కూడా ఇటే చూపిస్తుంది. 1983లో ఇలియట్ సోలోవే, సహచరులు విద్యార్థులకు ఒక లెక్క ఇచ్చారు. 99999 వచ్చేదాకా సంఖ్యలు చదివి, దాన్ని వదిలి, మిగతావాటి సగటు చెప్పాలి. మామూలు పాస్కల్‌లో రాసిన పై తరగతి విద్యార్థుల్లో 69 శాతం, లూపు మధ్యలోంచి బయటపడే వీలున్న పాస్కల్‌లో రాసినవాళ్లలో 96 శాతం సరిగా రాశారు. చదువు, ముగింపా అని చూడు, కాకపోతే కలుపు: మనిషి ఆలోచన వరస ఇది. వైల్ షరతు మొదట్లోనే ఉండాలన్నప్పుడు ఒకసారి లూపు బయట, ఒకసారి లోపల చివర చదవాల్సి వస్తుంది. అక్కడే పిల్లలు తప్పుతారు. 1995లో ఎరిక్ రాబర్ట్స్ ఈ ఆధారాలతోనే బోధనలో బ్రేక్ నిషేధాన్ని పునరాలోచించమన్నాడు.

2001లో మెక్రాకెన్ బృందం పలు దేశాల విశ్వవిద్యాలయాల్లో మొదటి కోర్సు ముగించినవారిని పరీక్షిస్తే 110 మార్కులకు సగటు 23 దాటలేదు. 2004లో రేమండ్ లిస్టర్ బృందం, చాలామంది రాయడానికి ముందు చదవడంలోనే, అంటే చిన్న కోడ్‌ను పంక్తి పంక్తిగా అనుసరించడంలోనే తడబడుతున్నారని చూపింది. మన దగ్గర డ్రై రన్ అనేది దీన్నే. మొదటి రెండు తరగతుల్లో బోర్డు మీద చేసి, తర్వాత మరిచిపోతాం.

లూపు మధ్యలో బ్రేక్ అనుమతిస్తే పిల్లలు విచ్చలవిడిగా వాడతారన్న భయం అర్థంలేనిది కాదు. ఒకే లూపులో అయిదు చోట్ల బయటపడే కోడ్‌ను చదవడం నరకం. నిషేధం కంటే లెక్క చెప్పించడం దానికి మంచి మందు. కాబట్టి ల్యాబుల ముందు కొన్ని ప్రతిపాదనలు పెడుతున్నాను.

మొదటిది, ప్రతి లూపు పైన విద్యార్థి తెలుగులోనే మూడు పంక్తులు రాయాలి: ఇందులోంచి ఎన్ని దారుల్లో బయటికి వస్తాను, ఒక్కో దారిలో వచ్చాక ఏది నిజం, ప్రతి చుట్టుకూ ఏది తరుగుతుంది. 2008లో మొదలైన నూజివీడు ట్రిపుల్ ఐటీలో పదో తరగతి ముగించి చేరే పల్లె పిల్లలకు, తెలుగు మీడియం నుంచి వచ్చే అందరికీ ఇది సొంత భాషలో ఆలోచించే అవకాశం. ఆ సంస్థ ఏర్పాటుకు తోడ్పడిన రాజ్ రెడ్డి ఆశయం కూడా ప్రతిభ ఉన్న పేద గ్రామీణ విద్యార్థికి దారి తెరవడమే. రెండోది, పరీక్షలో సగం మార్కులు ఇచ్చిన కోడ్‌ను డ్రై రన్ చేసి చూపడానికి కేటాయించాలి. బట్టీ పట్టిన ప్రోగ్రాము అక్కడ పనికిరాదు. మూడోది, వైవాలో నిర్వచనాలు అడగడం మానేయాలి. 'ఈ గుర్తు బదులు ఆ గుర్తు పెడితే ఏ ఇన్‌పుట్‌కు జవాబు మారుతుంది?' అని అడగాలి. దీనికి జవాబు చెప్పగలిగిన విద్యార్థికి సీ అయినా, పైథాన్ అయినా, రేపు వచ్చే మరో భాషైనా ఒకటే.

యంత్రాలే కోడ్ రాసిపెడుతున్న ఈ రోజుల్లో ఈ చదువు అవసరం మరింత పెరిగింది. రాసిచ్చిన లూపు 366వ రోజున ఆగుతుందో లేదో చూడవలసింది చదివే మనిషే. కోసరాజు 1974లో నిరూపించిన దాన్ని మొదటి ఏడాది విద్యార్థికి రెండు వాక్యాల్లో చెప్పవచ్చు. లూపుకు రెండు వేర్వేరు బయటి దారులుంటే వాటిని దాచకు, రెండిటినీ చూపించు. దాచక తప్పకపోతే, దానికి చెల్లిస్తున్న చరరాశి ఏదో చెప్పు. కానూరు నుంచి నూజివీడు దాకా ప్రతి ల్యాబు మాన్యువల్‌లోనూ మొదటి లూపుకు ముందే ఈ మాటలు, వాటిని నిరూపించినవారి పేరుతో సహా, అచ్చులో ఉండాలి.